లారీ ఎక్కడ ఆగిపోతోంది? గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పని తీరును మార్చే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డుకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు పోటెత్తుతుంది. ఆ రోజుల్లో అమ్ముడుపోని టిక్కీలు (మిర్చి బస్తాలు), ధర కోసం రైతూ వ్యాపారీ ఆపుకున్న టిక్కీలు ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలకు చేరతాయి. యార్డు వేసవి సెలవులు అయ్యాక సీజన్ చివరిదాకా వ్యాపారంలో పెద్ద భాగం ఈ నిల్వల మీదే నడుస్తుంది. సరుకు లోపల ఉంటుంది, కొనేవాడు బయట ఉంటాడు, లారీ గేటు దగ్గర ఉంటుంది. అయినా లోడు మర్నాటికి గానీ కదలదు. ఇలాంటిచోట యజమాని మొదట చేసే ఆలోచన ‘సాఫ్ట్‌వేర్ పెట్టిద్దాం’ అని. పెట్టిస్తారు కూడా. గుమస్తా పొద్దున రిజిస్టరులో రాసి, సాయంత్రం అదే కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. లారీ మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే.

సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉండి ఇలా జరగడం అరుదు. ఉన్న పద్ధతిని ఉన్నట్టే తెర మీదికి ఎక్కించడం వల్ల జరుగుతుంది. ఒక పని తొందరగా కావాలంటే ముందు అందులోని ఏ అంచె ఎందుకు ఉందో అడగాలి, అనవసరమైనదాన్ని తీసేయాలి, మిగిలినదానికి కంప్యూటర్ ఇవ్వాలి. ఈ వరస తలకిందులైతే ఖర్చు పెరుగుతుంది, పని పెరుగుతుంది.

ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ ఫోర్డ్ కంపెనీది. 1980ల మొదట్లో ఉత్తర అమెరికాలో ఫోర్డ్ సరఫరాదారులకు డబ్బు చెల్లించే విభాగంలో 500 మందికి పైగా పనిచేసేవారు. కంప్యూటర్లు పెడితే 400 మందితో సరిపోతుందని లెక్కేసుకున్నారు. అదే పనికి మాజ్దాలో అయిదుగురే ఉన్నారని తెలిశాక అసలు పద్ధతినే తిరగేసి చూశారు. కొనుగోలు ఆర్డరు, సరుకు ముట్టిన రసీదు, సరఫరాదారు పంపే బిల్లు, ఈ మూడు కాగితాల్లోని 14 అంశాలు సరిపోలితేనే చెల్లింపు జరిగేది. సరిపోలని కాగితాల వెంట తిరగడానికే సిబ్బంది సమయమంతా పోయేది. కొత్త పద్ధతిలో బిల్లునే తీసేశారు. సరుకు దిగినచోటే గుమస్తా కంప్యూటర్‌లో ఆర్డరుతో సరిచూస్తాడు, సరిపోతే చెల్లింపు దానంతటదే వెళుతుంది. సరిచూడాల్సిన అంశాలు మూడే మిగిలాయి. సిబ్బంది అవసరం 75 శాతం తగ్గింది. మైకేల్ హ్యామర్ 1990లో రాసిన వ్యాసంతో ఈ సంగతి లోకానికి తెలిసింది. ఆయన చెప్పిన సూత్రాల్లో మన పనికి అన్నిటికన్నా బాగా అక్కరకొచ్చేది ఒకటుంది: సమాచారాన్ని అది పుట్టినచోటే, ఒక్కసారే పట్టుకోవాలి.

ఇప్పుడు కోల్డ్ స్టోరేజీకి వద్దాం.

పని చేసే సమయం, ఆగే సమయం

వంద టిక్కీల విడుదల ఒకటి తీసుకుని, పార్టీ (సరుకు పెట్టిన రైతు లేదా వ్యాపారి) గేటు లోపలికి వచ్చినప్పటి నుంచి లారీ గేటు దాటేదాకా ప్రతి అంచెకూ రెండు సమయాలు రాయండి. పని మొదలైన సమయం ఒకటి, దానికి ముందు అంచె ముగిసిన సమయం ఇంకొకటి. రెండింటికీ మధ్య ఉన్నదే ఆగిన సమయం. ఉదాహరణకు ఇలా తేలవచ్చు: దరఖాస్తు, బాండు (నిల్వ రసీదు) చూడటం 15 నిమిషాలు, రిజిస్టరులో లాట్ (ఒక పార్టీ ఒకేసారి పెట్టిన టిక్కీలు) వెతకడం 20, అద్దె లెక్క 15, టిక్కీలు బయటికి తీయడం గంటన్నర, లోడింగు గంట. పనంతా కలిపి మూడు గంటల 20 నిమిషాలు. కానీ పార్టీ వచ్చింది నిన్న పొద్దున, లారీ కదిలింది ఇవాళ సాయంత్రం. మిగతా సమయమంతా ఎవరో ఒకరి కోసం, ఏదో ఒక కాగితం కోసం, ముందున్న లాట్ తొలగడం కోసం ఆగడంలోనే పోయింది. గుమస్తా టైపింగు రెట్టింపు వేగమైనా ఇందులో కలిసొచ్చేది పావుగంట.

ప్రతి లారీకీ గడియారం పట్టుకుని నిలబడక్కర్లేదు. 1961లో జాన్ లిటిల్ అనే ఆచార్యుడు నిరూపించిన చిన్న లెక్క ఉంది. ఆవరణలో సగటున ఆగి ఉన్న లారీల సంఖ్యను రోజుకు బయటికి వెళ్లే లారీల సంఖ్యతో భాగిస్తే ఒక్కో లారీ సగటున ఎన్ని రోజులు ఆగుతోందో వస్తుంది. రోజుకు 12 లారీలు వెళుతూ, ఎప్పుడు చూసినా 18 లారీలు కనిపిస్తుంటే ఒక్కోటి ఒకటిన్నర రోజు ఆగుతున్నట్టు. వాచ్‌మన్ రోజుకు మూడుసార్లు లారీలు లెక్కపెట్టి గేటు పుస్తకంలో రాస్తే చాలు, రెండు వారాల్లో నమ్మదగిన అంకె చేతికొస్తుంది. మార్పు తెచ్చాక మళ్లీ ఇదే లెక్క వేయాలి. ముందు అంకె లేకుండా మొదలుపెట్టినవాళ్లకు మెరుగైందో లేదో చెప్పే ఆధారమే ఉండదు.

లోతులో ఉన్న లాట్

ఆగే సమయంలో పెద్ద వాటా చాలాచోట్ల చాంబర్ (సరుకు పెట్టే చల్లని గది) లోపలే తేలుతుంది. ఈ సంగతి కొంచెం దగ్గరగా చూడాలి.

ఒక వరసలో ఒకదాని వెనక ఒకటిగా అయిదు లాట్లు, ఒక్కో లాట్‌లో 40 టిక్కీలు ఉన్నాయనుకోండి. దారి వైపు నుంచి నాలుగో లాట్ కావాలి. ముందున్న మూడు లాట్లు, అంటే 120 టిక్కీలు పక్కకు తీయాలి, పని అయ్యాక మళ్లీ పెట్టాలి. 40 టిక్కీలు బయటికి పంపడానికి అదనంగా 240 సార్లు టిక్కీ ఎత్తి దించినట్టు. ఒక్కో టిక్కీ సుమారు 40 నుంచి 45 కిలోలు. ముఠా కూలీల ఒంటి మీద పడే ఈ బరువు ఏ రిజిస్టరులోనూ కనిపించదు. అన్నిసార్లు ఎత్తి దించితే కాయ విరుగుతుంది, గింజ రాలుతుంది, ధర పడుతుంది. చాంబర్ తలుపు తెరిచి ఉన్నంతసేపూ బయటి వేడి, తేమ లోపలికి వస్తాయి. కంప్రెసర్ మీద భారం, కరెంటు బిల్లు.

వచ్చినది వచ్చినట్టు నింపుకుంటూ పోవడం వల్లే ఇలా అవుతుంది. లాట్ లోపలికి వచ్చేటప్పుడే పార్టీని ఒక్క ప్రశ్న అడిగితే సగం చిక్కు తీరుతుంది: ‘ఇది ఎప్పుడు తీస్తారు?’ ఖచ్చితమైన జవాబు అక్కర్లేదు. ధర వస్తే వెంటనే, దసరా లోపు, ఆఖరుదాకా ఉంచుతాం, ఈ మూడింటిలో ఏదో చెబితే చాలు. బ్యాంకు రుణం పెట్టుకోబోయే సరుకు త్వరగా కదలదు, అది లోతుకు. ఎగుమతి వ్యాపారి కొని ఉంచిన సరుకు ఆర్డరు రాగానే కదులుతుంది, అది దారి పక్కకు. ఇదీ ఈ పనిలో కావలసిన సృజన. ఒక్క రూపాయి సాఫ్ట్‌వేర్ లేకుండా, ఎంట్రీ ఫారంలో ఒక గడి పెంచితే అయ్యే పని.

ఆ తర్వాతే స్థానం కోడ్. బి-3-07-4 అంటే బి చాంబర్, మూడో అంతస్తు, ఏడో వరస, దారి నుంచి నాలుగో స్థానం. చివరి అంకెను చాలామంది వదిలేస్తారు. వరస తెలిసినా లోతు తెలియకపోతే ముఠాకు ఎంత పని పడుతుందో చెప్పలేం, లారీకి సమయం ఇవ్వలేం.

ప్రతి టిక్కీకీ క్యూఆర్ స్టిక్కర్ అంటించాలని సాఫ్ట్‌వేర్ వాళ్లు చెబుతారు. గోనె మీద స్టిక్కర్ నిలవదు. చల్లని టిక్కీ బయటి గాలికి వచ్చీ రాగానే తడి పట్టి కాగితం ఊడిపోతుంది. లాట్ నంబరు ఎప్పటిలాగే రంగుతో మార్కా వేసి, క్యూఆర్ మాత్రం వరస దగ్గరి స్తంభానికి ప్లాస్టిక్ పలకగా బిగించాలి. మందపాటి గోడల వెనక చాంబర్ లోపల సిగ్నల్ ఉండదు. అందుకే ఫోన్‌లోని యాప్ నెట్ లేకుండా పనిచేసి, బయటికి వచ్చాక వివరాలు పంపేలా ఉండాలి. కొనే ముందు యాప్‌ను ఆఫీసు గదిలో కాక చాంబర్ మూడో అంతస్తులో నిలబడి చూడాలి. చలికి ఫోన్ బ్యాటరీ కూడా త్వరగా దిగిపోతుంది, రెండో ఫోన్ సిద్ధంగా ఉంచాలి.

మచ్చును ముందుకు జరపడం

కొనేవాడికి చూపించాల్సిన మచ్చు (నమూనా) కోసం లోతులో ఉన్న లాట్‌ను కదిపి, ధర కుదరక మళ్లీ సర్దేయడం మరో పెద్ద వృథా. అమ్మకం జరగకుండానే ముఠా పని జరిగిపోతుంది.

లాట్ లోపలికి వచ్చేటప్పుడు టిక్కీలన్నీ కళ్లెదుటే ఉంటాయి. అప్పుడే 40 టిక్కీల్లో పదింటి నుంచి కొద్దికొద్దిగా మొత్తం అరకిలో తీసి, పార్టీ ఎదుట కవరు సీలు చేసి, లాట్ నంబరు రాసి, చాంబర్ ముందు భాగంలోని అరల్లో పెట్టవచ్చు. వెలుతురుకూ వేడికీ కాయ రంగు తగ్గుతుంది కాబట్టి ఆఫీసు బల్ల మీద పెడితే మచ్చు ఒకలా, సరుకు ఒకలా తయారవుతాయి. మచ్చు కూడా సరుకుతో పాటే చీకట్లో, అదే చలిలో ఉండాలి. తీసిన అరకిలో పార్టీ ఖాతాలో రాసి సంతకం తీసుకోవాలి. మచ్చు పేరుతో కాయలు పోతున్నాయన్న రైతు బాధ నిజమైనది, దాన్ని లెక్కతోనే తీర్చాలి. మొదటి చూపుకు ఈ కవరు సరిపోతుంది. ధర కుదిరాక, తూకానికి ముందు లాట్ నుంచి తాజా మచ్చు తీసి సరిచూసుకునే హక్కు కొనేవాడికి ఉండాలి. తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత, తేమ ఎంత, మిర్చి రకం తేజనా 334నా అన్నవి కూడా ఎంట్రీ రోజే రాసుకుంటే ఫోన్‌లో అడిగినవాడికి ఫోన్‌లోనే చెప్పవచ్చు. ఫోర్డ్ గుమస్తా సరుకు దిగినచోటే సరిచూసినట్టు ఇక్కడ మచ్చును సరుకు వచ్చినచోటే పట్టుకున్నాం.

బ్యాంకు కాగితం

బాండు మీద రుణం ఉన్న సరుకు బ్యాంకు విడుదల పత్రం లేకుండా కదలదు, కదలకూడదు. చిక్కల్లా వంద టిక్కీలకు ఒకే బాండు ఉండి, పార్టీ ముప్పై మాత్రం అమ్ముకోవాలనుకున్నప్పుడు వస్తుంది. లోపలికి వచ్చేటప్పుడే 40, 30, 30గా మూడు బాండ్లు రాస్తే ఒకదాని అప్పు కట్టి ఒకటి విడిపించుకోవచ్చు. గుమస్తాకు అదనంగా పట్టేది పది నిమిషాలు.

గిడ్డంగుల నియంత్రణ సంస్థ డబ్ల్యూడీఆర్ఏ వద్ద నమోదైన చోట ఈ కాగితమే ఎలక్ట్రానిక్ రూపంలో వస్తుంది. 2007 నాటి చట్టం కింద ఏర్పడిన ఈ సంస్థ 2017లో ఎలక్ట్రానిక్ గిడ్డంగి రసీదులను తెచ్చింది. రసీదు మీద రుణం ఉందా, ఏ బ్యాంకుది అన్నది రిపాజిటరీలో (ఈ రసీదుల ఎలక్ట్రానిక్ ఖాతాలు ఉండే చోట) నమోదై ఉంటుంది కాబట్టి ఒకే సరుకును రెండుచోట్ల తాకట్టు పెట్టే అవకాశం పోతుంది. నమోదుకు ఖర్చు, తనిఖీలు ఉన్నా, రుణం మీద నడిచే నిల్వ ఎక్కువగా ఉన్నవాళ్లకు అది లాభమే.

లారీ వైపు కాగితాల్లో ఈ-వే బిల్లు ఒక్కటి జాగ్రత్త. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే కావాలి. ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు, 1,800 కిలోమీటర్లకు 9 రోజులు. బిల్లులో వాహనం వివరాలు ఉండే పార్ట్ బిలో లారీ నంబరు ఎక్కించినప్పటి నుంచి గడువు నడవడం మొదలవుతుంది. పొద్దున్నే ఉత్సాహంగా నంబరు ఎక్కించి, టిక్కీలు బయటికి రాక లారీ రాత్రంతా ఆగితే ఆ గడువు ఇక్కడే కరిగిపోతుంది. లోడింగు సగం దాటాకే నంబరు ఎక్కించాలన్న నియమం గోడ మీద రాసి పెట్టుకోవాలి. దారిలో గడువు చాలకపోతే ముగియడానికి ముందు 8 గంటలు, ముగిశాక 8 గంటలలోపు పొడిగించుకునే వీలుంది.

సరుకు ముందురోజు సాయంత్రమే బయటి గదికి తేవడం ఇంకో మంచి మార్పు. అయిదారు డిగ్రీల నుంచి నేరుగా ఎండలోకి తెస్తే టిక్కీల మీద నీరు పడుతుంది, తడి కాయ లారీలో బూజు పడుతుంది. ఎలాగూ కొన్ని గంటలు కుదురుకోనివ్వాలి. ఆ గంటలు రాత్రిపూట గడిచిపోతే లారీ పొద్దున్నే వచ్చి నింపుకుని పోతుంది. అందుకు పార్టీ ముందురోజు మధ్యాహ్నం లోపు చెప్పాలి, చెప్పిన వెంటనే అద్దె బాకీ ఎంతో వాట్సాప్‌లో వెళ్లాలి. అలా చెప్పినవాళ్ల లారీకి మొదటి వంతు ఇస్తే అలవాటు త్వరగా నిలబడుతుంది.

కంప్యూటర్‌లో ఏం ఉండాలి

ఇన్ని మార్చాక సమాచార వ్యవస్థకు మిగిలే పని చిన్నదీ స్పష్టమైనదీ. పార్టీ, లాట్, స్థానం, కదలిక, రుణం, అద్దె, ఈ ఆరు పట్టికలు చాలు. వీటిలో ప్రాణం కదలిక పట్టిక. నిల్వ అంకెను ఎవరూ నేరుగా దిద్దకూడదు. లోపలికి 100, బయటికి 30, చోటు మార్పు 40, ప్రతిదీ తేదీ, సమయం, చేసినవారి పేరుతో ఒక వరస. నిల్వ అన్నది ఆ వరసల కూడిక తీసివేతల ఫలితం. తప్పు దొర్లితే పాతది చెరపకుండా ఎదురు పద్దు (దాన్ని రద్దు చేసే పద్దు) రాయాలి. జమాఖర్చుల పుస్తకం తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

టిక్కీల సంఖ్య, బరువు రెండూ రాయాలి. నెలల తరబడి నిల్వలో తేమ మారి బరువు మారుతుంది. ఒక్క బరువే రాసుకుంటే తరుగుకూ దొంగతనానికీ తేడా తెలియదు.

పేర్ల దగ్గర పెద్ద చిక్కు వస్తుంది. వెంకటేశ్వరరావు అన్న పేరును ఇంగ్లీషులో ఒక గుమస్తా ఒకలా, ఇంకొకరు ఇంకోలా కొడతారు. ఒకే మనిషికి మూడు ఖాతాలు తయారవుతాయి. ఫోన్ నంబరుతో వెతికి, లేకపోతేనే కొత్త ఖాతా తెరిచేలా ఉండాలి. ఎక్సెల్‌లో మొదలుపెట్టేవాళ్లు తేదీల్ని కనిపెట్టుకోవాలి. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 05-04 అన్నది ఏప్రిల్ 5 కాకుండా మే 4 అవుతుంది, నెలల లెక్కన అద్దె ఉన్నచోట బిల్లే తప్పుతుంది. సున్నాతో మొదలయ్యే బాండు నంబర్ల సున్నా ఎగిరిపోతుంది. ఆ గడులను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి.

బ్యాకప్ ప్రతిరోజూ ఆవరణ బయటికి వెళ్లాలి. అగ్నిప్రమాదం జరిగితే సరుకు, రిజిస్టరు, కంప్యూటర్ మూడూ ఒకే కప్పు కింద పోతాయి. ఎవరిది ఎన్ని టిక్కీలో చెప్పే ఆధారం లేక బీమా క్లెయిము, రైతు డబ్బు రెండూ చిక్కులో పడతాయి.

ముఠా మేస్త్రి లేకుండా జరగదు

ఏ లాట్ ఎక్కడుందో అసలు తెలిసినవాడు ముఠా మేస్త్రి. ఆయన జ్ఞాపకమే ఇన్నాళ్లూ అక్కడి సమాచార వ్యవస్థ. ఆయన్ని పక్కనపెట్టి తెచ్చిన ఏ యాప్ అయినా నెలలోపు అబద్ధాలు చెప్పడం మొదలుపెడుతుంది. చాంబర్ లోపల జరిగిన మార్పును ఎక్కించే చెయ్యి ఆయన మనుషులదే కదా.

అందుకని కూలి లెక్కను కదలిక పట్టికకే కలపాలి. లోపలి సర్దుబాట్లకు చాలాచోట్ల కూలి సరిగా లెక్కకు రాదు, ‘చూసిద్దాంలే’ అన్న మాటతో పోతుంది. యాప్‌లో నమోదైన ప్రతి కదలికకూ శనివారం డబ్బు వస్తుందని తెలిస్తే నమోదు తప్పదు. శ్రమకు తగ్గ కూలీ వస్తుంది, స్థానం కోడూ నిజంగా ఉంటుంది. ఇందులో ఒక ప్రమాదం ఉంది, అనవసరపు సర్దుబాట్లు పెరగవచ్చు. బయటికి వెళ్లిన ప్రతి 100 టిక్కీలకు లోపల ఎన్ని ఎత్తుదించుళ్లు జరిగాయన్న అంకెను వారం వారం చూసుకుంటే అది బయటపడుతుంది. ఆ అంకె తగ్గిన నెలలో ముఠాకు ఆదాలో వాటా ఇవ్వడం న్యాయం.

కొత్త ఆలోచనలు కూడా వాళ్ల దగ్గరే దొరుకుతాయి. యజమాని ఎదుట కూర్చోబెట్టి ‘చెప్పండి’ అంటే ఎవరూ నోరు విప్పరు. చీటీల మీద పేరు లేకుండా రాయించాలి, రాయలేనివారి మాట వేరొకరు రాయాలి. ప్రశ్నను తిప్పి అడిగితే ఇంకా మంచి జవాబులు వస్తాయి: ‘ఈ లారీని మూడు రోజులు ఆపాలంటే మనం ఏమేం చేయాలి?’ వచ్చిన జాబితాలో సగం ఇప్పటికే చేస్తున్న పనులే ఉంటాయి. ఆ తర్వాత ఒక్కో అంచె మీద వేలు పెట్టి తీసేస్తే ఏమవుతుంది, ముందుకు జరిపితే ఏమవుతుంది, పక్క అంచెతో కలిపితే ఏమవుతుంది, ఇంకొకరు చేస్తే ఏమవుతుంది అని అడగాలి. లోతు, మచ్చు, చిన్న బాండ్లు, ఈ మూడు మార్పులూ ఆ నాలుగు ప్రశ్నలతో దొరికేవే.

ఇది మిర్చికే పరిమితం కాదు. విజయవాడ జవహర్ ఆటోనగర్ షెడ్లలో లారీ రిపేరుకు పట్టే రోజుల్లోనూ మెకానిక్ చెయ్యి పడే గంటలు తక్కువ, సామాను కోసం, యజమాని ఒప్పుకోలు కోసం ఆగే గంటలు ఎక్కువ. బండి దిగిన గంటలోనే విప్పి చూసి, కావలసిన సామానంతా ఒకే చీటీగా ఫొటోలతో యజమానికి పంపితే రోజుకొకటి చొప్పున అడగాల్సిన పని ఉండదు. గొల్లపూడి హోల్‌సేల్ గోదాముల్లో ఆర్డరు తీసే వరసకూ లోతు లెక్క అలాగే వర్తిస్తుంది.

ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి

ఫిబ్రవరి, మార్చిలో కొత్త పద్ధతి మొదలుపెట్టకూడదు. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు ఎవరికీ నేర్చుకునే ఓపిక ఉండదు, మొదటి వారంలోనే పాత రిజిస్టరు తిరిగొస్తుంది. సరుకు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక్క చాంబర్‌తో మొదలుపెట్టాలి. ముందుగా అందులోని టిక్కీలను చేత్తో లెక్కపెట్టి ఆ లెక్కనే ప్రారంభ నిల్వగా ఎక్కించాలి. రిజిస్టరు అంకెను నమ్మి ఎక్కిస్తే పాత తప్పులన్నీ కొత్త యాప్ ఖాతాలో పడతాయి, యాప్ మీద నమ్మకం పోతుంది.

రిజిస్టరు, యాప్ రెండూ పక్కపక్కన నడిపేది రెండు వారాలే. అంతకు మించితే గుమస్తాకు రెట్టింపు పని, అలసినప్పుడు వదిలేసేది యాప్‌నే. రెండు వారాల తర్వాత ఆ చాంబర్‌కు రిజిస్టరు మూసేయాలి. కరెంటు పోయినప్పుడు రాసుకోవడానికి నంబర్లు వేసిన చీటీల కట్ట ఒకటి ఉంచి, కరెంటు రాగానే అదే వరసలో ఎక్కించాలి. ఒక్కొక్కరికీ సొంత పాస్‌వర్డ్ ఉండాలి. అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడేచోట కదలిక పట్టికలో పేరు ఉన్నా లేనట్టే.

ప్రతి సోమవారం యాప్ నుంచి ఏవో పది లాట్లు ఎంచుకుని, చెప్పిన చోట చెప్పినన్ని టిక్కీలు ఉన్నాయేమో మేస్త్రి, గుమస్తా కలిసి లోపలికి వెళ్లి చూడాలి. పదికి పది సరిపోయే వారాలు వరసగా నాలుగు వచ్చేదాకా రెండో చాంబర్‌కు పోకూడదు. ఎనిమిదే సరిపోతే, తప్పిన రెండు లాట్లను చివరిసారి కదిపిన రోజు ఏం జరిగిందో కదలిక పట్టికలో వెనక్కి చదవాలి. రాత్రి షిఫ్టులో ఫోన్ లేకపోవడమో, స్తంభం పలక ఊడిపోవడమో, కొత్త కూలీకి ఎవరూ చూపించకపోవడమో అక్కడే దొరుకుతుంది. ముందు దాన్ని సరిచేసి, వచ్చే సోమవారం మళ్లీ లెక్కపెట్టాలి.